'తను' వచ్చాడా, వచ్చిందా? మన సర్వనామాల వెనకున్న కథ

ఈ ఎపిసోడ్ మొత్తం ఒక చిన్న మాట గురించి. రెండే రెండు అక్షరాలు: "తను".

"తను నా ఫ్రెండ్", "తను కూడా మా ఆఫీసే", "తనకి చెప్పావా?" ఇలా రోజుకి ఎన్నిసార్లు అంటామో లెక్కే లేదు. ఈ మాటలో ఆడా మగా తేడా లేదు. కానీ వాక్యం చివరికి వచ్చేసరికి మనం ఇరుక్కుపోతాం. తను వచ్చాడు అనాలా, తను వచ్చింది అనాలా? ఏదో ఒకటి తేల్చుకోకపోతే వాక్యం పూర్తి కాదు.

దీని గురించి మాట్లాడాలని నాకు ఎందుకు అనిపించిందో చెప్తాను. డిగ్రీలో కలిసి చదివిన ఏడుగురం ఇప్పటికీ ఒక వాట్సాప్ గ్రూపులో ఉన్నాం. రోజూ మామూలు కబుర్లే. ఒకరికి ఇంక్రిమెంట్ పడింది, ఒకరి వాళ్ళ అమ్మకి మోకాలి ఆపరేషన్ అయింది, ఒకరు బండి అమ్మేస్తున్నారు, ఎవరికైనా కావాలా? మొన్న ఒక ఫ్రెండ్ తన ఆఫీసు సంగతి రాస్తూ, "మా టీమ్‌లో కొత్తగా ఒకరు చేరారు, తను భలే పనిమంతురు" అని పెట్టింది. వెంటనే విజయనగరం ఫ్రెండ్ అడిగాడు: "పనిమంతుడా, పనిమంతురాలా? 'పనిమంతురు' ఏంటే?" దానికి ఆవిడ జవాబు: "తను ట్రాన్స్ పర్సన్. తనని ఎలా పిలవాలో ఇంకా అడగలేదు. అడిగేదాకా తప్పుగా అనకూడదని అలా రాశాను."

అంతే, రాత్రి పదకొండు దాకా చర్చ. కరీంనగర్ ఫ్రెండ్, "సింపుల్ కదా, వాళ్ళు అను, వచ్చిన్రు అను, అయిపాయె" అన్నాడు. ఇంకొకరు, "పక్క సీట్లో కూర్చునే మనిషిని వాళ్ళు, వచ్చారు అంటే ఏదో పెద్దమనిషి గురించి చెప్పినట్టు ఉంటుంది, దోస్తు గురించి చెప్పినట్టు ఉండదు" అన్నారు. చివరికి ఒకడు తేల్చి చెప్పాడు: "ఈ సర్వనామాల గోల అంతా ఇంగ్లీషు ఫ్యాషన్. మన భాషలో ఇలాంటివి లేవు. అతడు, ఆమె, అది. మూడే. చిన్నప్పటి నుంచి చదువుకున్నదే."

ఆ ఆఖరి మాట దగ్గర నేను ఆగిపోయాను. నిజంగా మన భాషలో మూడేనా? మొదటి నుంచీ ఇలాగే ఉందా? చూద్దాం రండి.

ముందు ఒక చిన్న టెస్ట్. ఈ మూడు వాక్యాలు వినండి. "అతను వచ్చాడు." "ఆమె వచ్చింది." "బస్సు వచ్చింది." సర్వనామాలు మూడు ఉన్నా క్రియలు రెండే. మగవాడికి ఒక రూపం. ఆడమనిషికీ, బస్సుకీ, కుక్కకీ, వర్షానికీ కలిపి ఇంకో రూపం. అంటే ఏకవచనంలో తెలుగు చూసేది "మగా, ఆడా, వస్తువా" అని కాదు. "మగా, కాదా" అని.

ఇప్పుడు బహువచనం చూడండి. "అబ్బాయిలు వచ్చారు." "అమ్మాయిలు వచ్చారు." "బస్సులు వచ్చాయి." ఇక్కడ లెక్క మారిపోయింది! ఆడవాళ్ళు బస్సుల గుంపులోంచి బయటికొచ్చి మనుషుల గుంపులో చేరారు. బహువచనంలో తెలుగు అడిగే ప్రశ్న "మగా, కాదా" కాదు, "మనిషా, కాదా" అని. అంకెల్లో కూడా అంతే: ఇద్దరు అబ్బాయిలు, ఇద్దరు అమ్మాయిలు, రెండు బస్సులు.

ఒక్క అమ్మాయి వస్తే "వచ్చింది". ఇద్దరు వస్తే "వచ్చారు". ఒక్కర్తిగా ఉన్నప్పుడు లేని మనిషి హోదా ఇద్దరు కలిస్తే వచ్చింది. విచిత్రంగా ఉంది కదా?

మన వ్యాకరణ పండితులు దీన్ని బాగానే గమనించారు. పరవస్తు చిన్నయసూరి 1858లో అచ్చయిన బాలవ్యాకరణంలో దీనికి పేర్లు పెట్టి మరీ చెప్పాడు. మగవాళ్ళని చెప్పే మాటలు మహద్వాచకాలు. మిగతావి అమహద్వాచకాలు. ఆడవాళ్ళని చెప్పేవి మహతీవాచకాలు. ఈ మూడోదాని రూల్ ఏంటంటే, ఏకవచనంలో అమహత్తులాగా, బహువచనంలో మహత్తులాగా నడుస్తుంది. మహత్తు అంటే గొప్పది అని అర్థం. అంటే పేరు పెట్టడంలోనే మగవాళ్ళకి "గొప్ప" గ్రేడు ఇచ్చేశారు. సిలబస్‌లో చదివి మార్కులు తెచ్చుకున్నాం గానీ, ఈ పేర్ల అర్థం ఏంటని మనలో ఎంతమంది ఆగి ఆలోచించాం?

సరే, ఇది చిన్నయసూరి కనిపెట్టింది కాదు. జనం మాట్లాడేదాన్ని, పాత కవులు రాసినదాన్ని చూసి ఆయన సూత్రం రాశాడు. మరి అసలు ఎక్కడ మొదలైంది? దీనికి పక్కింటి భాషల్ని చూడాలి.

తమిళంలో "అవన్ వందాన్, అవళ్ వందాళ్, అదు వందదు". మగ, ఆడ, వస్తువు: మూడూ వేరు, క్రియలు కూడా వేరు. కన్నడంలోనూ అంతే. "అవను బందను, అవళు బందళు". అక్కడ ఆడమనిషికి సొంత క్రియారూపం ఉంది. మనకి లేదు. ఇటు ఉత్తరానికి రండి. ఆదిలాబాద్ అడవుల్లో గోండి, కొలామీ మాట్లాడేవాళ్ళు ఉన్నారు. అవీ ద్రావిడ భాషలే, తెలుగుకి చుట్టాలే. వాటిలో ఏకవచనంలోనే కాదు, బహువచనంలో కూడా మగవాళ్ళు ఒకవైపు, మిగతా అందరూ, అన్నీ ఒకవైపు. అంటే పదిమంది ఆడవాళ్ళు వచ్చినా వస్తువుల లెక్కలోనే.

రాబర్ట్ కాల్డ్వెల్ 1856లో ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణం అచ్చువేసిన దగ్గర్నుంచి ఈ పోలికల మీద పండితులు వాదించుకుంటూనే ఉన్నారు. వాళ్ళలో మనకి బాగా దగ్గరివాడు భద్రిరాజు కృష్ణమూర్తి. ఒంగోలులో పుట్టి, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి వైస్ ఛాన్సలర్‌గా చేసిన భాషాశాస్త్రవేత్త. ఆయన 2003లో ద్రావిడ భాషల మీద తెచ్చిన పెద్ద పుస్తకంలో చెప్పింది ఇదీ: గోండి, కొలామీ లాంటి భాషల్లో ఉన్న పద్ధతే అన్నిటికన్నా పాతది. మూల ద్రావిడ భాషలో మగవాళ్ళు వేరు, మిగతావన్నీ వేరు. తర్వాత తమిళం, కన్నడం వైపు వెళ్ళిన శాఖ ఏకవచనంలో ఆడవాళ్ళకి "అవళ్" అని కొత్త రూపం చేసుకుంది. తెలుగు ఆ పని చెయ్యలేదు గానీ, బహువచనంలో ఆడవాళ్ళని మనుషుల్లోకి తెచ్చింది.

ఈ పాయింట్ జాగ్రత్తగా గుర్తుపెట్టుకోండి. అంటే మన భాష ఎప్పుడూ ఒకేలా లేదు. ఒకప్పుడు "ఆడవాళ్ళు వచ్చారు" అనడమే కొత్త వాడుక అయ్యుండాలి. ఇప్పుడది మనకి మామూలు తెలుగు.

ఇక "వాడు" అనే మాట సంగతి. పాత పుస్తకాల్లో "వాఁడు" అని మధ్యలో అరసున్న కనిపిస్తుంది. ఆ అరసున్న అలంకారం కాదు. ఒకప్పుడు అక్కడ నిజంగా ఒక న-కారం పలికేది: వాండు. తమిళ "అవన్"లో చివర ఉన్న న్, మన అరసున్న, రెండూ ఒకటే. అవన్ మొదట్లో ఉన్న "అవ" మన దగ్గర తిరగబడి "వా" అయింది. అలాగే తమిళ అవర్, కన్నడ అవరు, మన వారు. అన్నీ ఒక ఇంటివే. "ఆమె"కి కూడా పాత అక్కచెల్లెళ్ళు ఉన్నారు. ఆకె, ఆపె అని పాత తెలుగులో కనిపిస్తాయి. అవి పోయాయి, ఆమె మిగిలింది.

ఇప్పుడు అసలు మలుపుకి వస్తున్నాను. మన వాట్సాప్ గొడవలో ఇబ్బంది "తను" దగ్గర కాదు, "వచ్చాడు, వచ్చింది" దగ్గర. క్రియలోకి ఈ ఆడా మగా తేడా ఎలా వచ్చింది?

పాత తెలుగు వాక్యం ఒకటి గుర్తు తెచ్చుకోండి. "రాజు వచ్చెను." "రాణి వచ్చెను." "రథము వచ్చెను." చూశారా? మూడింటికీ ఒకే క్రియ! చిన్నప్పుడు తెలుగు వాచకంలో ఈ "వచ్చెను, పోయెను, చెప్పెను" చూసి నవ్వుకున్నాం. తెలుగు బైబిల్ చదివే ఇళ్ళల్లో ఇప్పటికీ ఇవే రూపాలు వినిపిస్తాయి. ఆ "వచ్చెను"లో ఆడ లేదు, మగ లేదు, మనిషి, వస్తువు తేడా కూడా లేదు. భవిష్యత్తుకి వాడే "వచ్చును" కూడా అంతే. రాజు వచ్చును, రాణి వచ్చును, వాన వచ్చును.

మరి "వచ్చాడు" ఎక్కడిది? విడగొడితే తెలుస్తుంది. వచ్చిన + వాడు. వచ్చినవాడు, వచ్చినాడు, వచ్చాడు. అలాగే వచ్చిన + అది. వచ్చినది, వచ్చింది. అంటే మనం "అతను వచ్చాడు" అంటున్నామంటే నిజానికి "అతను వచ్చినవాడు" అంటున్నట్టు. "ఆమె వచ్చింది" అంటే "ఆమె వచ్చినది". వాడు, అది అనే సర్వనామాలే క్రియ చివర అతుక్కుని, కరిగిపోయి, తోకలయ్యాయి. తెలంగాణలో "వచ్చిండు" అన్నా అదే వాడు, కాస్త వేరే దారిలో.

పుస్తకాల్లో రెండు రకాలూ ఉన్నాయి. మాట్లాడే భాషలో మాత్రం "వచ్చెను" తగ్గిపోయి "వచ్చాడు, వచ్చింది" గెలిచాయి. గిడుగు రామమూర్తి, గురజాడ లాంటివాళ్ళు పోరాడి వాడుక భాషని పుస్తకాల్లోకి తెచ్చాక, రాతలో కూడా "వచ్చెను" మూలకి పోయింది. వాడుక భాష రావడం ఎంత మంచి పనో మనందరికీ తెలుసు. అది రాకపోతే ఈ ఎపిసోడ్ ఇలా మాట్లాడలేను. కానీ ఆడా మగా చెప్పకుండా ఒక మనిషి గురించి చెప్పగలిగే ఒక క్రియారూపం కూడా ఆ దారిలోనే మన రోజువారీ రాత నుంచి తప్పుకుంది.

మొత్తం పోయిందా అంటే, లేదు. దాక్కుని ఉంది. "రావచ్చు" అంటాం కదా? "అతను రావచ్చు, ఆమె రావచ్చు, వాన రావచ్చు." దీంట్లో ఉన్న "వచ్చు" ఆ పాత "వచ్చును" మిగిలిన ముక్కే. "తనకి ఈత వచ్చు" అన్నా అదే.

ఇంకోటి, "రాలేదు". అతను రాలేదు. ఆమె రాలేదు. బస్సు రాలేదు. నేను రాలేదు. నువ్వు రాలేదు. అందరికీ ఒకటే! నిజానికి "లేదు" అనేది "అది"కి చెందిన రూపం. వాడు లేడు, అది లేదు, వారు లేరు అని కదా లెక్క. ఆ అమహద్వాచకం "లేదు" గడ్డకట్టి, అందరికీ సరిపోయే రూపం అయిపోయింది. ఎంత మీసాలు మెలేసే మగవాడైనా "నేను రాలేదు" అనేటప్పుడు "అది" గుంపు రూపమే వాడుతున్నాడు. ఎవరూ ఫీల్ అవ్వడం లేదు. వాడుక స్థిరపడిపోయాక ఎవరికీ ఏమీ అనిపించదు, అంతే.

ఇక మర్యాద దగ్గరికి వద్దాం. ఎందుకంటే తెలుగులో సర్వనామం అంటే ఒక్క ఆడా మగా విషయం కాదు. అది ఎవరు ఎక్కువ, ఎవరు తక్కువ అనే కొలబద్ద కూడా.

మగవాడికి మెట్లు చూడండి. వాడు, అతను, ఆయన, వారు. ఆడమనిషికి: అది, ఆమె, ఆవిడ, వారు. రాయలసీమ వైపు ఆయప్ప, ఆయమ్మ కూడా ఉన్నాయి. కింది మెట్టు దగ్గర తేడా ఉంది. "వాడు" ఎంత కింద ఉన్నా మనిషికి పెట్టిన మాటే. "అది" మాత్రం కుర్చీకి, కుక్కకి వాడే మాటే. దగ్గరి స్నేహితులు ఒకరినొకరు "అదెక్కడ చచ్చింది, ఇంకా రాలేదు" అనుకుంటే అందులో ప్రేమే ఉండొచ్చు. అదే మాట అత్తారింట్లోనో, పని చేయించుకునే ఇంట్లోనో వినిపిస్తే గుండెలో గుచ్చుకుంటుంది.

మీ ఇంట్లోనే ఒకసారి వినండి. చాలా ఇళ్ళల్లో "నాన్నగారు వచ్చారు", "అమ్మ వచ్చింది". అమ్మ మీద ప్రేమ తక్కువై కాదు. చనువు అంటాం. నిజమే, చనువే. కానీ ఇద్దరిలో ఎవరికి ఎప్పుడూ చనువు, ఎవరికి ఎప్పుడూ గౌరవం అన్నది మాత్రం ముందే సెట్ అయిపోయి ఉంది.

ఇంటి గడప దాటితే ఇది కులం, భూమి దగ్గరికి వెళ్తుంది. ఊళ్ళో భూస్వామి కొడుకు పదేళ్ళవాడైనా "ఆయన, వచ్చారు". అరవై ఏళ్ళ పాలేరు "వాడు, వచ్చాడు". ఆయన భార్య "అది, వచ్చింది". తెలంగాణలో "నీ బాంచన్ దొరా" అనే మాట వెనక ఎంత చరిత్ర ఉందో మీకు తెలుసు. మర్యాద బహువచనం అందరికీ ఉచితంగా రాలేదు. కొందరికి పుట్టుకతో వచ్చింది, కొందరు కొట్లాడి తెచ్చుకున్నారు. అందుకే "పేరుకి చివర రెండు అక్షరాలే కదా, ఇంత గొడవ ఎందుకు" అని ఎవరైనా అంటే నాకు నవ్వొస్తుంది. ఆ రెండు అక్షరాల కోసం మన తాతల తరం ఎన్ని మాటలు పడిందో!

ఇప్పుడు పేపర్ తెరవండి. మంత్రి అయితే "ఆయన అన్నారు". దొంగతనం కేసులో దొరికినవాడైతే "అతడు పారిపోయాడు". మహిళా అధికారి అయితే "ఆమె తెలిపారు". ఈ "ఆమె తెలిపారు" భలే ఉంటుంది. సర్వనామం ఏకవచనం, క్రియ బహువచనం. వ్యాకరణం ప్రకారం అతకదు. కానీ "తెలిపింది" అంటే మర్యాదగా లేదని మనమే ఈ దారి చేసుకున్నాం. అవసరం వచ్చినప్పుడు తెలుగు వ్యాకరణాన్ని వంచుతుంది అనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

ఈ మర్యాద బహువచనమే మనకి తెలియకుండా ఇంకో పని చేసింది. "ఎవడు" అని అడిగితే ఇప్పుడు తిట్టులా ఉంటుంది. "ఎవతె" అయితే ఇంకా ఘోరం. మరి తలుపు తడితే ఏమంటాం? "ఎవరు?" బయట ఉన్నది ఒక్కరే కావచ్చు. ఆడో మగో తెలియదు. అయినా "ఎవరు వచ్చారు?" అంటాం. ఒకడు, ఒకతె ఉన్నాయి. కానీ "బయట ఒకరు వెయిట్ చేస్తున్నారు" అంటాం. ఇవన్నీ రూపంలో బహువచనాలు, అర్థంలో ఒక్క మనిషి. ఆడా మగా చెప్పవు.

ఇంగ్లీషులో "దే" అనే బహువచన సర్వనామాన్ని ఒక్క మనిషికి వాడటం మీద ఇంత రచ్చ జరిగింది. నిజానికి ఇంగ్లీషులో ఆ వాడుక 14వ శతాబ్దం నుంచే ఉంది. 2019లో మెరియమ్ వెబ్‌స్టర్ నిఘంటువు దాన్ని ఆ ఏడాది మాటగా ఎంచుకుంది. మనం "ఎవరు వచ్చారు" అనేటప్పుడు చేసేది అచ్చం అదే పని. కాబట్టి గ్రూపులో మావాడు "ఇది ఇంగ్లీషు ఫ్యాషన్" అన్నది నిలబడదు. తలుపు తట్టిన ప్రతిసారీ వాడు కూడా అదే వ్యాకరణం వాడుతున్నాడు.

కొత్త సర్వనామాలు పుట్టడం కూడా ప్రపంచంలో కొత్తేం కాదు. చైనీస్‌లో అతనికీ ఆమెకీ ఒకే అక్షరం ఉండేది. 1920 ప్రాంతంలో లియు బన్నోంగ్ అనే రచయిత "ఆమె"కి వేరే అక్షరం ప్రచారంలోకి తెచ్చాడు. ఉచ్చారణ అదే, రాత వేరు. స్వీడన్ వాళ్ళు తిరగేసి చేశారు. అతను, ఆమె రెండూ ఉండగా ఇద్దరికీ సరిపోయే "హెన్" అనే మాటని 2015లో తమ అకాడమీ పదకోశంలో చేర్చుకున్నారు. ఒక భాష తేడా తెచ్చుకుంది, ఇంకోటి తేడా తీసేసుకుంది. మన దేశంలోనే బెంగాలీ చూడండి. అతను, ఆమె ఇద్దరికీ ఒకటే సర్వనామం, క్రియ కూడా మారదు. హిందీలో సర్వనామం ఒకటే "వో", కానీ "ఆయా, ఆయీ" అని క్రియ పట్టిస్తుంది. మన "తను" ఇప్పుడు సరిగ్గా హిందీ "వో" ఉన్న చోటే ఉంది.

ఈ "తను" అసలు "తాను". తమిళంలో కూడా "తాన్" ఉంది. దాని పాత డ్యూటీ వేరు. "తాను రేపు వస్తానని రవి చెప్పాడు" లాంటి వాక్యంలో, చెప్పినవాడి దగ్గరికే వేలు తిప్పి చూపించడం. ఇప్పుడది డ్యూటీ మార్చుకుంది. "తను నా కొలీగ్" అని నేరుగా ఒక మనిషిని చూపిస్తోంది. ఎందుకు? "వాడు, అది" మరీ చనువు. "అతను, ఆమె" కాస్త పుస్తకం వాసన. "ఆయన, ఆవిడ" అంటే వయసు పెంచినట్టు. మన వయసువాళ్ళు, సమానంగా ఉండేవాళ్ళు, దగ్గరివాళ్ళు, వాళ్ళకి సరిపోయే మాట కావాలి. ఆ ఖాళీలోకి "తను" వచ్చి కూర్చుంది. ఏ కమిటీ తీర్మానం చెయ్యలేదు. మనమే వాడి వాడి చేసుకున్నాం.

క్రియ సంగతి? ఒక ప్రయోగం చేశాను. ఫ్రెండ్స్ మధ్య రోజూ నడిచే కబుర్లన్నీ ఒక మనిషి గురించి, ఆడా మగా చెప్పకుండా రాయగలనా అని. వినండి:

"తనకి జాబ్ వచ్చింది. వచ్చే నెల బెంగళూరు వెళ్ళాలి. ఇంకా రూమ్ దొరకలేదు. తనకి కన్నడ రాదు, హిందీ మాత్రం వచ్చు. మొన్నటి నుంచి ఒంట్లో బాలేదు, జ్వరం తగ్గింది, కానీ నీరసంగా ఉందట. నిన్న ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఆదివారం మన దగ్గరికి రావచ్చు. తనకి బిర్యానీ అంటే ప్రాణం, తెప్పించాలి."

ఎక్కడైనా ఇబ్బందిగా అనిపించిందా? కృత్రిమంగా ఉందా? నాకైతే మామూలు తెలుగులాగే ఉంది. ఎందుకంటే తెలుగులో మనిషికి ఏదైనా జరిగితే, మనం ఎక్కువగా "తనకి" అని చెప్తాం. తనకి ఆకలేసింది, తనకి కోపం వచ్చింది, తనకి పెళ్ళి కుదిరింది. అక్కడ క్రియ ఆకలితో, కోపంతో, పెళ్ళితో కలుస్తుంది, మనిషితో కాదు. "వెళ్ళాలి, రాలేదు, రావచ్చు, రాకూడదు" వీటికి తోకలు లేవు. అన్నిచోట్లా ఇలా కుదరదు, ఒప్పుకోవాల్సిందే. "తను నవ్వా..." అని మొదలుపెడితే డు, ది, రు ఏదో ఒకటి రావాల్సిందే. అక్కడ "రు" ఉంది. చనువు కాస్త తగ్గినా మనిషికి అన్యాయం జరగదు.

ఇదంతా ఎందుకు ముఖ్యం అంటే, అవతల ఉన్నది వ్యాకరణ ఉదాహరణ కాదు, ఒక మనిషి. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు నల్సా కేసులో తీర్పు ఇస్తూ, తను ఏ జెండర్ అనేది ఆ మనిషే చెప్పుకోవాలి, అది వాళ్ళ హక్కు అని చెప్పింది. 2019లో ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల చట్టం వచ్చింది. నిజాం కాలం నుంచి మిగిలిపోయిన ఒక పాత చట్టం ఉండేది. హిజ్రాలని పుట్టుకతోనే నేరస్తుల్లా చూస్తూ, వాళ్ళ పేర్లు రిజిస్టర్‌లో రాసుకునే చట్టం. దాన్ని తెలంగాణ హైకోర్టు 2023లో కొట్టేసింది. చట్టం కాగితం మీద మారింది. కానీ టీ స్టాల్ దగ్గర, లిఫ్ట్‌లో, ఆఫీసు మీటింగ్‌లో ఆ మనిషి చెవిన పడేది చట్టం కాదు, మన క్రియల తోకలు. "వాడు" అన్నామా, "అది" అన్నామా, వెటకారంగా రెండూ కలిపి అన్నామా. రోజుకి యాభైసార్లు వినాల్సింది తనే.

కాబట్టి నాకు అర్థమైనంతలో పద్ధతి పెద్ద కష్టమేం కాదు. ఆ మనిషి "ఆమె" అనమంటే ఆమె. "అతను" అనమంటే అతను. తెలియకపోతే "తను", "వాళ్ళు", "వచ్చారు". ఇంకా సులువైనది, అడగడం. "మిమ్మల్ని ఎలా పిలవమంటారు?" అన్న ప్రశ్న తెలుగులో ఎప్పటి నుంచో ఉంది. కొత్త కోడల్ని అడిగాం, కొత్త టీచర్‌ని అడిగాం. ఇప్పుడు కొత్త కొలీగ్‌ని అడుగుతున్నాం.

"భాష పాడైపోతుంది" అని భయపడేవాళ్ళకి ఒక మాట. ఈ భాష ఒకప్పుడు ఆడవాళ్ళ గుంపుని కూడా వస్తువుల లెక్కలో పెట్టిన కుటుంబంలోంచి వచ్చింది. తర్వాత "వారు" అని పిలవడం నేర్చుకుంది. "ఆమె తెలిపారు" అని వ్యాకరణాన్ని వంచింది. "ఎవడు"ని పక్కన పెట్టి "ఎవరు" అంది. "వాడు" అనిపించుకున్న పాలేరు మనవడిని ఇవాళ "సార్ వచ్చారు" అంటోంది. ప్రతిసారీ ఎవరో ఒకరిని మనుషుల వైపుకి ఇంకొంచెం జరుపుతూనే వచ్చింది. తెలుగు పాడవలేదు. పెరిగింది.

ఈ వారం మీకో చిన్న పని. ఒక్క రోజు మీ ఇంట్లో ఎవరిని "వచ్చారు" అంటున్నారో, ఎవరిని "వచ్చింది" అంటున్నారో లెక్కపెట్టండి. ఏం మార్చక్కర్లేదు, వినండి చాలు. వచ్చే ఎపిసోడ్‌లో "గారు" అనే మాట ఎక్కడ నుంచి ఎక్కడికి వచ్చిందో మాట్లాడుకుందాం. అప్పటిదాకా సెలవు.